శుభం పడని ఆట

ఏడో భాగం

పోయిన శుక్రవారం టీచరుగారు పెట్టిన గడువు ఇవాళ మూడు గంటలకు తీరుతుంది. ఆ లోగా నేను ఆ సినిమా నిజంగానే చూశానని ఒప్పించాలి. లేకపోతే నన్ను గ్రూపులోంచి తీసేస్తారు.

నేను చేసిన నేరం చూడబోతే చిన్నదే. మా పాత సినిమాల గ్రూపులో వారానికో సినిమా అనుకుని, ఎవరికి తోచింది వాళ్లు ఫోన్లో మాట్లాడి పంపుతారు. ఆ వారం తాళంచెవి సినిమా. దాని అసలు పేరు చాంతాడంత ఉంటుంది గనక అందరూ అలాగే అంటారు. అత్తింట్లో మాట పడలేక ఒక తల్లి కూతుర్ని వదిలేసి వెళ్లిపోతుంది. ఇంటి తాళంచెవి పొరపాటున ఆమె కొంగుకే ఉండిపోతుంది. "చివరికి తల్లి తిరిగి రాకపోవడమే నాకు నచ్చింది. వచ్చినట్టు అబద్ధం చూపించలేదు" అని నేను పంపాను.

అంతే, తేనెతుట్టె మీద రాయి వేసినట్టయింది. తల్లి తిరిగి వస్తుందట. ఆ తాళంచెవితోనే తలుపు తీస్తుందట. చూడని సినిమా గురించి మాట్లాడకూడదన్నది మా గ్రూపుకున్న ఒకే ఒక్క నియమం. హాల్లో కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా చూసి ఉండాలి.

నేను ఆ సినిమాను పదకొండు సార్లు చూశాను. పదకొండు సార్లూ ఆ తల్లి రాలేదు.

బయటివాళ్లకు ఇదంతా నవ్వులాటగా ఉంటుంది. తీసేస్తే తీసేయనీ, కొంప మునిగిందా అనొచ్చు. నాకు మునిగినట్టే. మా ఆయన లిఫ్టులు బిగించే మనిషి. ఎక్కడ కొత్త బిల్డింగు లేస్తే అక్కడికి పోవాలి. పది రోజులు ఇంట్లో, ఇరవై రోజులు ఊళ్ల మీద. జనాన్ని పైకీ కిందికీ తిప్పే మనిషి పెళ్లాం మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తులో ఉంటుంది. ఎనిమిది నెలల పిల్లను చంకనేసుకుని ఆ మెట్లు దిగడం నాకు భయం. పాలప్యాకెట్టు కూడా తాడుకు కట్టిన బుట్టలో పైకి లాక్కుంటాను. రోజంతా నాతో మాట్లాడేవి రెండే, కుక్కరూ పాపా. రెండింటికీ మాటలు రావు.

పాప నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా తగిలితే అయిదు నిమిషాలు నిశ్చింత. ఇంకో భయం కూడా ఉంది, అది మా ఆయనకు కూడా చెప్పలేదు. నాకు అయిదేళ్లప్పుడు మా అమ్మ నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఆవిడ కాళ్లే కదా నావీనూ. ఏదో ఒక రోజు అవి వాటంతటవే గడప దాటేస్తాయేమో అని. అందుకే పగలు కూడా తలుపు గడియ వేసి ఉంచుతాను. దొంగల భయం కాదు నాది.

ఈ ఇంట్లోకి నా పేరు పెట్టి పిలిచే గొంతులు వచ్చేది మధ్యాహ్నం మ్యాటినీ వేళ, ఆ గ్రూపులోంచే. అసలు పేరు కాదులెండి. అక్కడ అందరికీ ముద్దుపేర్లే. నేను కిటికీని. ముప్పై ఏళ్లు హాల్లో టార్చి వేసి సీట్లు చూపించినాయన టార్చిలైటు బాబాయి. లెక్కలు చెప్పి రిటైరై గ్రూపు నడిపే ఆవిడ టీచరుగారు. మిగతావాళ్లు వస్తారు, పోతారు. ఇంకొకావిడ ఉంది, బాల్కనీ. ఆవిడ గొంతు ఇప్పటిదాకా ఎవరం వినలేదు. నేనేదైనా చెప్పినప్పుడు మాత్రం కింద "బాగుంది" అని ఒక్క మాట రాస్తుంది. వేరేవాళ్లకు అది కూడా రాయదు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరో ఒకరికి నా మాట బాగుంటే చాలు.

మూడయింది. పాపను ఉయ్యాల్లో వేసి, ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, గ్రూపు కాల్లోకి వెళ్లాను.

"కిటికీ వచ్చిందా?" అన్నారు టీచరుగారు.

"వచ్చానండీ."

"పాప పడుకుందా?"

"ఇప్పుడే పడుకుందండీ."

"అయితే మెల్లగా మాట్లాడుకుందాం. మెల్లగా అన్నాను, మెత్తగా అనలేదు."

"అబ్బబ్బ, పరీక్షకు ముందే పిల్లను హడలగొట్టకండి టీచరమ్మా" అని దగ్గాడు బాబాయి. "ముందు కాసేపు మామూలు కబుర్లు చెప్పుకుందాం. నిన్న టీవీలో ఆ కవలల సినిమా మళ్లీ వేస్తే చూశా. ఒకడు బుగ్గ మీద మచ్చ పెట్టుకుంటే చాలు, కన్నతల్లి కూడా పోల్చుకోలేదు! మా హాల్లో అరటిక్కెట్టుగాళ్లు కూడా 'వాడే, వాడే' అని అరిచేవాళ్లు."

"తల్లి సంగతి సరే. నాకు ఆ హీరోల చదువే అర్థం కాదు" అన్నారు టీచరుగారు. "పుస్తకం ముట్టిన పాపాన పోడు. ఓ రోజు పరిగెత్తుకుంటూ వచ్చి ఫస్టు క్లాసంటాడు. ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పాను, నా చేతి కింద అలా ఒక్కడూ గట్టెక్కలేదు."

నాకూ నవ్వొచ్చింది. బాల్కనీ కాల్లో ఉన్నట్టు తెరమీద కనిపిస్తోంది గానీ, ఎప్పట్లాగే చప్పుడు లేదు.

"సరే. ఇక చెప్పమ్మా" అన్నారు టీచరుగారు. "తాళంచెవి సినిమా ఎక్కడ చూశావు, ఎవరితో చూశావు?"

ఇన్నాళ్లూ దాచిన మాట అది. గ్రూపులో అందరూ పెద్ద చదువులవాళ్లు. నేను ఎనిమిదితో ఆగిపోయిన దాన్ని. హాలు మూతపడి నాన్న పని పోయాక, నా బడి కూడా పోయింది. అదంతా ఎందుకు చెప్పుకోవాలని ఊరుకున్నాను.

"మా నాన్న సినిమా హాల్లో ఆపరేటరండీ" అన్నాను. "మిషను గదిలో రెండు కంతలుండేవి. ఒకదాంట్లోంచి వెలుతురు పోయేది. రెండోది నాన్న తెరను చూసుకునే కిటికీ. రీళ్ల పెట్టె మీద నిలబడితే నా కన్ను సరిగ్గా దానికి అందేది. ఆ సినిమా మా హాల్లో వారం రోజులు ఆడింది. రోజుకు మూడాటలు. నిద్రపోయినవి తీసేస్తే పదకొండు చూశాను."

"ఓసి నీ అమ్మకడుపు మాడ!" అని అరిచాడు బాబాయి సంతోషం పట్టలేక. "మనమ్మాయేనన్నమాట! అందుకా కిటికీ! మరి ఇన్నాళ్లూ చెప్పవేం? మేము కింద టార్చి పట్టుకుని చస్తుంటే పైన ఆపరేటర్లు రాజుల్లా ఉండేవాళ్లమ్మాయ్, కన్నెత్తి చూసేవాళ్లు కాదు."

"ఆగవయ్యా" అన్నారు టీచరుగారు. "ఆపరేటరు కూతురైతే ఇంకా బాగా తెలియాలి. ఏమ్మా, నీ పదకొండాటల్లో చివర ఏం జరిగింది?"

"సాయంత్రం అవుతుంది. పిల్ల గడప మీద కూర్చుని దారివైపు చూస్తుంది. దారి ఖాళీగా ఉంటుంది. అంతే, హాల్లో లైట్లు వెలుగుతాయి."

"శుభం పడకుండానా?" అన్నాడు బాబాయి. "శుభం పడకుండా లైట్లేస్తే జనం కుర్చీలు విరగ్గొట్టరూ?"

"విజిల్సు వేసేవాళ్లు. నాన్న వెంటనే రికార్డు పెట్టేసేవాడు. తలుపులు తీసేసేవాళ్లు."

టీచరుగారి ఇంట్లో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

"అమ్మాయ్, లెక్క ప్రకారం చెబుతాను విను. మొదటి రీల్లో కొంగుకు కట్టిన తాళంచెవి చివరి రీల్లో తలుపు తీయకపోతే, ఆ సినిమా తీసినవాడికి కూడికలు రావన్నమాట. అది పక్కన పెట్టు. నేను ఆ సినిమా మా వారితో కలిసి చూశాను. పెళ్లయిన కొత్త. మా వారు పోలీసు డిపార్టుమెంటు. తండ్రి పోయినప్పుడు కూడా కన్ను తడవని మనిషి. ఆ తల్లి తలుపు తీయగానే నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నలభై ఏళ్ల కాపురంలో నా ముందు ఏడ్చింది ఆ ఒక్కసారే. ఇప్పుడు ఆయన లేడు. నువ్వు అలాంటి సీనే లేదంటే, నా పక్కన ఏడ్చిందెవరు?"

ఆవిడ గొంతులో అబద్ధం లేదు. నేనూ అబద్ధం చెప్పడం లేదు. చిన్నప్పుడు చూసిందంతా కలేమో అనిపించింది. కలే అయితే, ఇంకా ఏమేం కలలో?

అప్పుడు గుర్తొచ్చింది డబ్బా.

నాన్న చనిపోయి రెండేళ్లు. ఆయన వస్తువులని నాకు మిగిలినవి మూడు. ఒక బ్లేడు, ఒక భూతద్దం, అరచేతికి కాస్త పెద్దదైన గుండ్రటి రేకు డబ్బా. "ఎండ తగలనివ్వకు" అని మాత్రం చెప్పాడు. మిషన్లో వెలుగు కోసం కాల్చే కార్బన్ పుల్లల ముక్కలేమో అనుకున్నాను. మూత తుప్పు పట్టి బిగిసిపోతే అలాగే అలమారా మీద పెట్టేశాను.

"ఒక్క నిమిషం ఉండండి" అని లేచి దాన్ని దించాను. గరిటె కాడ దూర్చి ఎత్తితే మూత టప్పున ఊడింది. పుల్లటి వాసన ఒక్కసారిగా కొట్టింది. పాపకు పడదేమోనని ఉయ్యాలను అవతలికి జరిపి వచ్చాను.

లోపల ఫిల్ము చుట్ట.

కొస పట్టుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాను. బొమ్మలు గోరంతవి. భూతద్దం పెట్టాను. దారి. ఖాళీ దారి. నాకు తెలిసిన దారే. ఇంకాస్త లాగాను. దారి చివర చుక్కలా ఎవరో. లాగాను. చుక్క మనిషయింది. మనిషి ఆడమనిషయింది. చేత్తో కొంగు వెతుకుతోంది. తాళంచెవి. గడప మీద పిల్ల లేచి నిలబడింది. భూతద్దం జారిపోతుంటే మళ్లీ పట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది. పిల్ల నడుముకు చుట్టుకుపోయింది. ఆ తర్వాత నల్లగా రెండు మూడు గళ్లు. ఆ తర్వాత శుభం.

"కిటికీ? ఉన్నావామ్మా?"

"ఉన్నానండీ. టీచరుగారూ, మీ వారు ఏడ్చింది నిజమే. ఆ సీను నా చేతిలో ఉంది."

చెప్పాను. డబ్బా సంగతి, ఫిల్ము సంగతి. కొస దగ్గర బ్లేడుతో నున్నగా తెగిన గుర్తుంది. అది నాన్న చెయ్యి. ఆయన కోత ఎప్పుడూ వంకర పోదు.

"తొంభై అడుగులకు ఒక్క నిమిషం" అన్నాడు బాబాయి నెమ్మదిగా. "మీ నాన్న ఆ ఒక్క నిమిషం కోసేశాడన్నమాట. మరి ప్రింటు తర్వాతి ఊరికి పోవద్దూ? కంపెనీవాళ్లు ఊరుకుంటారా?"

"మా హాలుకొచ్చేసరికే ప్రింట్లు ముసలివైపోయేవి బాబాయ్. మా తర్వాత వాటికి ఊరు లేదు. తూకానికి అమ్మేయడమే."

"అది సరే. ఎందుకు కోశాడు తల్లీ?"

మొదటిరోజు పొద్దున గుర్తొచ్చింది. ఆటలు మొదలుకాకముందు నాన్న ప్రింటు ఎలా ఉందో ఒక్కడే వేసి చూసుకునేవాడు. నన్ను కింద టీకొట్టు అత్త దగ్గర కూర్చోబెట్టేవాడు. ఆ రోజు నేను పైకి వచ్చేసరికి గదంతా ఫిల్ము అతికించే జిగురు వాసన. నాన్న నావైపు చూడకుండా బ్లేడు తుడుస్తున్నాడు. అమ్మ వెళ్లి అప్పటికి ఆరు నెలలు. అమ్మ ఎప్పుడొస్తుందని రోజూ అడిగేదాన్ని. మ్యాటినీ చివర పిల్ల గడప మీద కూర్చోగానే లైట్లు వేసి, "అయిపోయింది. అంతే కథ" అన్నాడు. నేను ఇంకా తెరవైపే చూస్తుంటే, "ఇంకేం లేదమ్మా" అన్నాడు.

ఆ వారం తర్వాత నేను అడగడం మానేశాను.

"నేను చూడకూడదని" అన్నాను. "ఆ తల్లి వస్తే, మా అమ్మ కూడా వస్తుందని కూర్చుంటాను కదా బాబాయ్. అందుకని."

అప్పుడు తెరమీద ఒక వాక్యం వచ్చింది. బాల్కనీ రాసింది.

*నేనూ అలాగే చూశాను. శుభం పడలేదు.*

"మీరా? ఎక్కడ చూశారమ్మా?" అని అడిగారు టీచరుగారు.

తర్వాత మైకు తెరిచిన చప్పుడు. ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

"ఆ హాల్లోనే" అంది బాల్కనీ. గొంతు బొంగురుగా, వాడకం లేని తలుపులా ఉంది. "ఆఖరి రోజు మ్యాటినీ. అంతకుముందే వేరే ఊళ్లో చూశాను. తలుపు తీసే సీను నాకు తెలుసు. ఆ బొమ్మ ఈ హాలుకొచ్చిందని గోడ మీద పోస్టరులో చూసి బస్సెక్కాను. ఆ మనిషి రోజుకు మూడుసార్లు ఆ తల్లిని ఇంటికి రప్పిస్తున్నాడు కదా, ఇవాళ మనసు మెత్తగా ఉంటుంది, నన్నూ రానిస్తాడు అనుకున్నాను. సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఆఖరి వరుసలో. ఆపరేటరు కిటికీ కిందే."

టార్చిలైటు బాబాయి దగ్గు కూడా ఆపేశాడు.

"ఆట అయ్యాక వెనక ఇనుప మెట్లెక్కి వెళ్దామనుకున్నాను. పిల్ల గడప మీద కూర్చుంది. ఇప్పుడొస్తుంది ఇప్పుడొస్తుంది అని నేను ముందుకు వంగాను. లైట్లు వేసేశాడు. పైనుంచి నన్ను చూశాడు, చూసే ఆపేశాడు అనుకున్నాను. మాటలు తక్కువ ఆయనకు. రావద్దని చెప్పాలంటే అలాగే చెబుతాడు."

"అమ్మా, మీరు..." అనబోయారు టీచరుగారు.

"మెట్ల దాకా వెళ్లాను. పదకొండో మెట్టు ఊగుతుంది. అన్నం క్యారియరు పట్టుకుని ఎక్కినన్నాళ్లూ దాన్ని వదిలేసి పన్నెండో దాని మీద అడుగేసేదాన్ని. ఆ రోజు మొదటి మెట్టు మీదే కాలు పడలేదు."

పదకొండో మెట్టు సంగతి నాన్నకు తెలుసు. నాకు తెలుసు. మా ఇంట్లోంచి క్యారియరు తెచ్చే మనిషికి తెలుసు. నాలుగో మనిషి లేదు.

ఆ మ్యాటినీకి నేను పెట్టె మీదే నిలబడి ఉన్నాను. కన్ను కంతలోనే ఉంది. కాస్త వంగి కిందికి చూస్తే పాపిడి కనిపించి ఉండేది. తెరవైపే చూశాను. కిందికి చూడలేదు.

"ఆ ముక్క కోసింది నాకు జవాబుగా కాదన్నమాట" అంది ఆ గొంతు. "నేను చూడకూడదని కాదు, పాప చూడకూడదని. పంతొమ్మిదేళ్లు నేను ఆ సినిమాను తప్పుగా చూశానమ్మా."

ఫోను దగ్గరికి జరిగాను. అంతలో ఉయ్యాల్లో పాప లేచింది. లేవడమే ఏడుపు. నేను ఎత్తుకునేలోగా ఆ ఏడుపు ఫోన్లోంచి అందరి ఇళ్లలోకీ వెళ్లిపోయింది.

అవతల ఆ ఊపిరి ఒక్కసారి ఆగింది. "ఎత్తుకో, ఎత్తుకో. ఏడిపించకు" అంది. మైకు మూసిన చప్పుడు.

పాపను భుజాన వేసుకుని వచ్చి చూస్తే తెరమీద ఒకటే గీత.

*బాల్కనీ గ్రూపు నుంచి వెళ్లిపోయారు.*

మళ్లీనా! నా కోపం నన్నే భయపెట్టింది. ఇన్నేళ్లుగా అది ఎక్కడుందో నాకే తెలియదు. కాల్ ఆపేశాను. పాప వెక్కిళ్లు పెడుతూ చేతికందిన ఫిల్ము కొస గుప్పిట్లో పట్టుకుంది. అంచు కోసుకుంటుందేమోనని ఒక్కొక్క వేలే విప్పుతున్నాను. గది అంతా ఎప్పుడూ ఉండేట్టే ఉంది. కుక్కరు, ఉయ్యాల, గడియ వేసిన తలుపు. నాకు మాత్రం ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిన ఇల్లులా అనిపించింది.

ఫోను మోగింది. టీచరుగారు. గ్రూపులో కాదు, విడిగా.

"అమ్మాయ్, నన్ను క్షమించు. నువ్వు గ్రూపులోనే ఉంటావు, అది చెప్పడానికి కాదు చేసింది. ఒక మాట అడుగుతాను. నిన్ను గ్రూపులో చేర్చమని మీ ఆయన నాకు ఫోన్ చేశాడు, గుర్తుందా?"

"గుర్తుందండీ. పొద్దస్తమానం గోడలు చూస్తూ కూర్చుంటున్నావు, సినిమాల కబుర్లైనా వినమన్నాడు."

"ఆ మర్నాడే మళ్లీ చేశాడమ్మా. ఇంకో నంబరు ఇచ్చాడు. పెద్దావిడ ఒకరున్నారండీ, మాట్లాడరు, విని ఊరుకుంటారు, చేర్చుకోండి అన్నాడు. పేరేం రాసుకోమంటావయ్యా అంటే, కాసేపు నసిగి, 'బాల్కనీ అని రాసుకోండి' అన్నాడు."

పాప బరువు ఒక్కసారిగా రెండింతలైనట్టుంది.

"ఉన్నావా అమ్మాయ్?"

చెవి దగ్గర టుక్ టుక్‌మని ఇంకో కాల్ వస్తున్న చప్పుడు. ఫోను తీసి చూశాను. సరిగ్గా నాలుగు. ఏ ఊళ్లో ఉన్నా, ఏ అంతస్తులో వేలాడుతున్నా, రోజూ ఈ టైముకు తప్పకుండా చేస్తాడు. "పాప పాలు తాగిందా, నువ్వు తిన్నావా" అని అడుగుతాడు. రోజూ రెండో రింగుకే ఎత్తేదాన్ని.

మా ఆయన పేరు తెరమీద వెలుగుతోంది. ఏడో రింగు. ఎనిమిదో రింగు.